షట్టర్ ఎత్తేసరికి అప్‌డేట్: వద్దన్న వేళకే విండోస్ ఎందుకు మొండికేస్తుంది?

క్లుప్తంగా: వద్దనుకున్న అప్‌డేట్లతో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం వేళకు సంబంధించినవి. కంప్యూటరు రాత్రంతా కరెంటులో, నెట్‌లో ఉంటుందన్న అంచనాతో విండోస్ తన పని పెట్టుకుంటుంది. మన ఊళ్లలో దుకాణం కట్టేటప్పుడు మెయిన్ కూడా కట్టేస్తారు. రాత్రి జరగాల్సిన పని పొద్దున గిరాకీ మీద పడుతుంది. అప్‌డేట్లను మొత్తంగా చంపేయడం కన్నా వాటి వేళ మార్చడం తేలిక, క్షేమం కూడా. అయితే జనానికి వాటి మీద ఉన్న అనుమానం ఊరికే పుట్టింది మాత్రం కాదు.

తిరుమల రూ.300 ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లు మూడు నెలల ముందు కోటా కింద సాధారణంగా ప్రతి నెలా 24న ఉదయం 10 గంటలకు ఆన్‌లైన్‌లో విడుదలవుతాయి. కోరిన తేదీ దొరకాలంటే పది కొట్టేసరికి లాగిన్ అయి ఉండాలి. ఇంటిల్లిపాది పేర్లు, వయసులు, ఆధార్ నంబర్లు రాసుకున్న కాగితం కీబోర్డు పక్కన పెట్టుకుని, నెట్ సెంటర్లో ఒకరు 9.45కే కుర్చీలో కూర్చుంటారు. సిస్టం ఆన్ చేస్తే డెస్క్‌టాప్ రాదు. నల్లటి తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతుంటాయి. కింద రెండే మాటలు: 27 శాతం పూర్తయింది, కంప్యూటరు ఆఫ్ చేయకండి. పది దాటుతుంది. అంకె 27 దగ్గరే ఉంటుంది.

చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ లెక్కలు చూసే అకౌంటెంటుకు ఇదే అనుభవం 11వ తేదీన ఎదురవుతుంది. నెలనెలా రిటర్నులు వేసేవారికి అమ్మకాల వివరాలు ఇచ్చే జీఎస్టీఆర్‌-1 గడువు ఆ రోజే. ఈ తేదీలకూ అప్‌డేట్లకూ మధ్య ఉన్న లంకె కాకతాళీయమే అయినా, దాని వెనక క్యాలెండర్ ఒకటి ఉంది. అది తర్వాత. ముందు ఆ 27 శాతం సంగతి.

## చుక్కలు తిరిగేటప్పుడు లోపల జరిగేది

అప్‌డేట్ మూడు అంచెల్లో వస్తుంది. మొదట ఫైళ్లు దిగుతాయి. తర్వాత, మనం పని చేసుకుంటుండగానే, వాటిని విప్పి పాతవాటితో పోల్చి సిద్ధం చేసుకుంటుంది. ఎస్‌ఎస్‌డీ (వేగంగా పనిచేసే కొత్తరకం డిస్కు) లేని పాత సిస్టంలో ఈ దశలో హార్డ్ డిస్కు నూరు శాతం బిజీగా కనిపిస్తుంది, మౌస్ కూడా ఆగి ఆగి కదులుతుంది. చాలామంది వైరస్ వచ్చిందని భయపడేది ఇప్పుడే. మూడోది రీస్టార్ట్.

రీస్టార్ట్ తప్పనిసరి కావడానికి కారణం విండోస్ కట్టుబడిలోనే ఉంది. వాడుకలో ఉన్న ఫైలును అది తాళం వేసి పట్టుకుంటుంది. గ్రైండర్ తిరుగుతుండగా రాయి మార్చలేరు కదా, అలాగే సిస్టం నడుస్తుండగా దాని గుండెకాయ లాంటి ఫైళ్లను మార్చలేదు. అంతా ఆపి, మార్చి, మళ్లీ మొదలుపెట్టాలి.

విండోస్‌కు బదులు కొందరు వాడే లైనక్స్ పద్ధతి వేరు. నడుస్తున్న ప్రోగ్రాం పాత ఫైలునే పట్టుకుని ఉండగా, డిస్కు మీద దాని స్థానంలో కొత్త ఫైలు పెట్టేయవచ్చు. లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటులో రక్షణ అప్‌డేట్లు రోజూ వాటంతటవే ఎక్కుతాయి. సిస్టం మూలభాగమైన కెర్నెల్ మారినప్పుడు మాత్రం రీస్టార్ట్ కావాలి, అప్పుడు కూడా అది అడిగి ఊరుకుంటుంది, బలవంతం చేయదు. ఆండ్రాయిడ్ ఫోన్లలో 2016లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచి మరో ఉపాయం ఉంది. సిస్టం భాగాన్ని రెండు గదులుగా ఉంచి, ఒకటి వాడుకలో ఉండగా రెండోదాంట్లో కొత్తది ఎక్కిస్తారు. తర్వాత ఫోన్ ఒక్కసారి ఆపి తెరిస్తే చాలు. ఈ పద్ధతి ఉన్న ఫోన్ అప్‌డేట్ అంత సులువుగా అయిపోవడం, కంప్యూటర్ అప్‌డేట్ పీకల మీదికి రావడం చూసి జనం తికమకపడేది ఇందుకే.

విండోస్‌లోనూ రీస్టార్ట్ లేకుండా అతుకు వేసే హాట్‌ప్యాచ్ పద్ధతి వచ్చింది. దానితో మూడు నెలలకోసారి రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. 2025 ఏప్రిల్‌లో విండోస్ 11 ఎంటర్‌ప్రైజ్ వాడే సంస్థలకు ఇచ్చారు. ఐటీ విభాగం, జీతానికి ఇంజినీర్లు ఉన్న సంస్థలకు ముందు దొరికింది. ఉన్న నాలుగు సిస్టంల మీదే రోజు గడిచే నెట్ సెంటర్‌లో ఉండేది మాత్రం ఇళ్ల కోసం చేసిన హోమ్ ఎడిషనే.

## రాత్రి మెయిన్ కట్టేసే ఊళ్లో

విండోస్‌లో యాక్టివ్ అవర్స్ అనే ఏర్పాటు 2016లో వచ్చింది. మనం పని చేసుకునే వేళ చెబితే ఆ వేళలో తనంతట తాను రీస్టార్ట్ కాదు. తొలుత దాని మామూలు లెక్క ఉదయం 8 నుంచి సాయంత్రం 5. తర్వాతి వెర్షన్లు వాడకాన్ని గమనించి ఆ వేళను తామే సర్దుకోవడం నేర్చాయి. రీస్టార్ట్‌కు మిగిలేది రాత్రి. అమెరికాలో మైక్రోసాఫ్ట్ ఉన్న సియాటిల్ పక్కన ఆఫీసులో సాయంత్రం లేచి వెళ్లేవాళ్లు కంప్యూటరును స్లీప్‌లో వదిలేస్తారు, కరెంటు పోదు, నెట్ పోదు. అక్కడ ఈ ఏర్పాటు చక్కగా పని చేస్తుంది.

తిరుపతి గాంధీ రోడ్డులోనో, చిత్తూరు బజారు వీధిలోనో దుకాణం రాత్రి తొమ్మిది, పది దాకా నడుస్తుంది. తర్వాత మీటరు పక్కనున్న మెయిన్ స్విచ్ దించి, షట్టర్ లాగుతారు. కరెంటు బిల్లు ఒక కారణం, షార్ట్ సర్క్యూట్ భయం ఇంకో కారణం. రెండూ సబబే. కానీ విండోస్ ఎదురుచూసే ఆ రాత్రి దానికి ఎన్నటికీ దొరకదు.

మైక్రోసాఫ్ట్ తన లెక్కల ఆధారంగా 2022 జనవరిలో చెప్పిన మాట ఇక్కడ పనికొస్తుంది. ఒక అప్‌డేట్ సరిగా ఎక్కాలంటే అది విడుదలయ్యాక కంప్యూటరు మొత్తం మీద కనీసం 6 గంటలు, అందులో ఏకబిగిన 2 గంటలు నెట్‌కు తగులుకుని ఉండాలి. గంట వాడి ఆపేసి, మధ్యాహ్నం భోజనానికి ఆపేసి, హాట్‌స్పాట్ మీద అరగంట నడిపే సిస్టంలో ఆ రెండు గంటల బిగి కుదరదు. సగం దిగిన పని రోజుల తరబడి నానుతుంది, ఏదో ఒక పొద్దున ముగుస్తుంది.

ఇంకో ఘట్టం రాత్రి పూటే జరుగుతుంది. దుకాణం కట్టే వేళ షట్‌డౌన్ మీద నొక్కితే అప్‌డేట్ అండ్ షట్‌డౌన్ అన్న మాట కనిపిస్తుంది. నొక్కుతారు. ఒక నిమిషం చూస్తారు, రెండు నిమిషాలు చూస్తారు. ఆఖరి బస్సు పోతుంది. మెయిన్ దించేస్తారు. మర్నాడు తెర మీద మార్పులను వెనక్కి తీసుకుంటున్నాం అని వస్తుంది. ఎక్కిన సగాన్ని దించుకోవడానికి ఒకసారి, మళ్లీ మొదటినుంచి ఎక్కడానికి ఇంకోసారి టైం పోతుంది. మెయిన్ దించకుండా ఓపిక పట్టినా ఒక భాగం మాత్రం మర్నాడు ఆన్ చేసినప్పుడే పూర్తవుతుంది. పైగా ఈ ఆప్షన్‌లోనే చాలా కాలం ఒక లోపం ఉండిపోయింది. కొన్ని సిస్టంలు షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ అయి లాగిన్ తెర దగ్గర నిలబడేవి. దానికి సవరణ 2025 అక్టోబర్ చివర్లో గాని రాలేదు.

## మంగళవారం రాత్రి విడుదల, మనకు బుధవారం

మైక్రోసాఫ్ట్ 2003 అక్టోబర్ నుంచి నెలలో రెండో మంగళవారాన్ని రక్షణ అప్‌డేట్ల రోజుగా పెట్టుకుంది. అమెరికా పశ్చిమ తీరంలో ఉదయం పది గంటలకు విడుదలైతే మనకు వేసవిలో రాత్రి 10.30, చలికాలంలో 11.30. అప్పటికి ఇక్కడ షట్టర్లు దిగి ఉంటాయి. అంటే మన దుకాణాలకు అది బుధవారం సరుకు.

రెండో మంగళవారం 8 నుంచి 14 మధ్య ఏ తేదీనైనా పడవచ్చు. 10న పడిన నెలలో మర్నాటి పొద్దున సరిగ్గా జీఎస్టీఆర్‌-1 ఆఖరి రోజు. 2026లో ఫిబ్రవరి, మార్చి, నవంబర్ నెలలు అలాంటివే. ఆ మూడు నెలల్లో అకౌంటెంటు 9వ తేదీకే పని ముగించుకుంటే సగం గండం గడిచినట్టు.

దర్శనం టికెట్ల 24వ తేదీ కథ కొంచెం వేరు. రక్షణ అప్‌డేట్లు కాక, వచ్చే నెల సరుకును ముందే రుచి చూపించే ప్రివ్యూ అప్‌డేట్లు మామూలుగా నాలుగో మంగళవారం వస్తాయి. అది 22 నుంచి 28 మధ్య పడుతుంది. ఇవి ఐచ్ఛికం. మనం నొక్కితే తప్ప ఎక్కవు. కాకపోతే విండోస్ 11 అప్‌డేట్ పేజీలో తాజా అప్‌డేట్లు వచ్చిన వెంటనే కావాలా అని ఒక మీట ఉంటుంది. మంచిదే కదా అని దాన్ని ఎవరో ఆన్ చేసి పెడతారు. అప్పటినుంచి ఆ సిస్టంకు నెలలో ఒక్క రీస్టార్ట్‌కు బదులు రెండు. రెండోది 24 చుట్టుపక్కల. నెట్ సెంటర్లో ఆ మీట ఆన్‌లో ఉండటానికి ఒక్క కారణం కూడా కనబడదు.

వీటికి తోడు ఏడాదికోసారి పెద్ద వెర్షన్ మార్పు వస్తుంది, సాధారణంగా ఏడాది రెండో సగంలో. విండోస్ 11 హోమ్, వ్యాపారాలకు ఉద్దేశించిన ప్రో ఎడిషన్లలో ఒక్కో వెర్షన్‌కు 24 నెలల ఆయుష్షు. అది తీరే సమయం దగ్గరపడితే హోమ్‌లో కొత్త వెర్షన్ అడక్కుండానే దిగుతుంది.

## ఇంత పట్టుదల దేనికి?

విండోస్ 10కు ముందు అప్‌డేట్ వద్దనే హక్కు వాడేవారి చేతిలోనే ఉండేది. దాని ఫలితం కూడా కళ్లముందే ఉంది. 2003 ఆగస్టులో లక్షలాది కంప్యూటర్లను పడగొట్టిన బ్లాస్టర్ అనే పురుగు (తనంతట తానే పాకే వైరస్) దూరిన కంతకు మందు జులైలోనే విడుదలైంది. 2008 నవంబర్‌లో బయటపడిన మరో పురుగు కన్‌ఫికర్‌కు విరుగుడు అక్టోబర్‌లోనే వచ్చింది. మందు అంగట్లో ఉంది, వేసుకున్నవాళ్లు లేరు.

ఈ ప్రాంతానికి గుర్తుండే ఉదాహరణ 2017 మే నెలది. వానాక్రై రాన్సమ్‌వేర్ మే 12న మొదలై 150కి పైగా దేశాల్లో 2 లక్షలకు మించి కంప్యూటర్లకు తాళం వేసి, ఒక్కోదానికి 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో అడిగింది. రాష్ట్రంలో చిత్తూరు సహా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకూ ఆ దెబ్బ తగిలినట్టు అప్పట్లో వార్తలు వచ్చాయి. అప్పటికి తిరుపతి కూడా చిత్తూరు జిల్లాలోనే ఉంది. ఆ కంతను పూడ్చే అప్‌డేట్ మార్చి 14నే వచ్చింది. రెండు నెలలు చేతిలో ఉండి కూడా వాడుకోలేదన్నమాట.

కంపెనీ నేర్చుకున్న పాఠం ఒక్కటే: అడిగితే జనం రేపు అంటారు, కాబట్టి అడగకూడదు. 2015 జులై 29న విండోస్ 10 విడుదలైనప్పుడు హోమ్ ఎడిషన్‌లో వద్దనే మీట తీసేశారు. ప్రతి నెల అప్‌డేట్‌లోనూ పాతవన్నీ కలిపి మూట కట్టారు. ఇది వద్దు, అది కావాలి అని ఏరుకునే వీల్లేదు. రక్షణ కోణంలో ఈ తర్కానికి వంక పెట్టలేం. అమలు చేసిన తీరుకు మాత్రం పెట్టవచ్చు.

## అనుమానం పుట్టిన చోటు

2015-16లో విండోస్ 7, 8.1 వాడేవారి తెర మీద విండోస్ 10కు మారండి అనే కిటికీ పదే పదే వచ్చేది. మూల ఉన్న ఇంటూ గుర్తు నొక్కితే వద్దన్నట్టే అని ఎవరైనా అనుకుంటారు. 2016లో కొంతకాలం అలా నొక్కినా ముందే పెట్టిన ముహూర్తం రద్దయ్యేది కాదు. కాలిఫోర్నియాలో ఒక ట్రావెల్ వ్యాపారి తన కంప్యూటరు పాడై పని పోయిందని కోర్టుకెళ్తే మైక్రోసాఫ్ట్ 10,000 డాలర్లు కట్టాల్సి వచ్చింది. మొత్తానికి విండోస్ అప్‌డేట్ మాటకు అర్థం మారిపోయింది అక్కడే. రక్షణ కోసం తెరిచిన తలుపులోంచి కంపెనీ తన సరుకు లోపలికి తోసింది.

తప్పులూ జరిగాయి. 2018 అక్టోబర్ 2న విడుదలైన వెర్షన్ కొందరి డాక్యుమెంట్లు, ఫొటోలు చెరిపేసింది. నాలుగు రోజులకే ఆపి, నవంబర్ 13న మళ్లీ ఇచ్చారు. 2021 మార్చి అప్‌డేట్ ఎక్కిన సిస్టంలలో కొన్ని రకాల ప్రింటర్లకు ప్రింట్ కొట్టగానే సిస్టం ఆగిపోయి బ్లూ స్క్రీన్ వచ్చేది. జిరాక్స్ షాపుకు అంతకన్నా పెద్ద దెబ్బ ఉండదు. వారం తిరక్కుండానే సవరణ వచ్చింది గానీ, ఆ వారం గిరాకీని ఎవరూ వెనక్కి ఇవ్వరు.

2024 జులైలో వచ్చినది ఇంకా చిక్కైనది. అప్‌డేట్ అయ్యాక కొన్ని కంప్యూటర్లు డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ రికవరీ తెర దగ్గర ఆగి 48 అంకెల తాళపుసంఖ్య అడిగాయి. తమ ల్యాప్‌టాప్‌కు తాళం ఉందనే తెలియనివాళ్లు చాలామంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెట్టిన కొత్త ల్యాప్‌టాప్‌లలో ఈ తాళం తనంతట తానే పడే అవకాశం ఎక్కువ. ఆ సంఖ్య ఆ అకౌంట్‌లోనే దాచి ఉంటుంది. యూనివర్సిటీలో చేరేటప్పుడు షాపువాళ్లే ఏదో మెయిల్ ఐడీ పెట్టి ల్యాప్‌టాప్ తెరిచి ఇచ్చి ఉంటే, పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. ఆ సంఖ్యను ఇవాళే ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోవడం, ఏ అప్‌డేట్ సెట్టింగ్ కన్నా ఎక్కువ మేలు చేసే పని.

అదే నెల 19న విమానాశ్రయాల్లో బ్లూ స్క్రీన్లు పడి, మన దేశంలోనూ బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన రోజును కూడా చాలామంది ఈ ఖాతాలోనే వేస్తారు. అది విండోస్ అప్‌డేట్ కాదు. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన తప్పుడు ఫైలు. దాని వల్ల ఆగినవి సుమారు 85 లక్షల యంత్రాలు.

## పగ్గాలు ఎక్కడున్నాయి?

సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. కావలసినవి దాదాపు అన్నీ అక్కడే ఉన్నాయి.

యాక్టివ్ అవర్స్‌ను గరిష్ఠంగా 18 గంటల దాకా పెట్టుకోవచ్చు. ఉదయం 7 నుంచి రాత్రి 11 అని చెప్పేస్తే పనివేళలో రీస్టార్ట్ ముప్పు తప్పుతుంది. అయితే రాత్రి మెయిన్ కట్టేసే చోట ఇది ఒక్కటే చాలదు. రీస్టార్ట్‌కు పగలు కుదరక, రాత్రి దొరక్క మూట పేరుకుంటుంది. దీనికి పాజ్ జోడించాలి. ఎక్కువ వెర్షన్లలో 5 వారాల దాకా ఆపుకోవచ్చు. గడువు తీరితే పేరుకున్నవి ఎక్కించుకున్నాకే మళ్లీ పాజ్ దొరుకుతుంది. 24వ తేదీ గిరాకీ ఉన్న నెట్ సెంటర్ నెల మధ్యలో, గిరాకీ పలచగా ఉండే మధ్యాహ్నం పాజ్ తీసి, సిస్టంలు ఒక్కొక్కటిగా అప్‌డేట్ చేసుకుని, మళ్లీ పాజ్ పెట్టుకుంటే ఈ గొడవంతా నెలకు ఒక పూటతో సరి. అన్నీ ఒకేసారి మొదలుపెట్టకపోవడం ముఖ్యం. ఒకదానిలో ప్రింటర్ మొరాయిస్తే రెండోదానితో పని నడుస్తుంది. ఆ పూట యూపీఎస్ బ్యాటరీ బాగుందో లేదో చూసుకోవాలి.

ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిచే ల్యాప్‌టాప్‌లకు మీటర్డ్ కనెక్షన్ మీట ఉంది. వైఫై పేరు మీద నొక్కి దాన్ని ఆన్ చేస్తే పెద్ద అప్‌డేట్లు దిగవు, రోజుకు ఇచ్చే రెండు జీబీ మిగులుతుంది. హాస్టల్ వైఫైలోకి వెళ్లాక ఆ మీటతో పని లేదు, అక్కడ దిగనివ్వడమే మంచిది.

వేలిముద్ర యంత్రాలు, పాత ప్రింటర్లు వాడేచోట తగువు ఎక్కువగా వాటిని నడిపే చిన్న ప్రోగ్రాంలైన డ్రైవర్లతో వస్తుంది. యంత్రం అమ్మిన కంపెనీ ఇచ్చిన డ్రైవర్ మీద విండోస్ తన దగ్గరున్నదాన్ని ఎక్కిస్తే యంత్రం పలకదు. ప్రో ఎడిషన్‌లో డ్రైవర్లను అప్‌డేట్లనుంచి మినహాయించే పాలసీ ఉంది. హోమ్‌లో డివైస్ ఇన్‌స్టాలేషన్ సెట్టింగ్స్‌లో నో అని పెట్టడం ఒక మార్గం. ప్రోలో ఇంకా వెసులుబాటు ఎక్కువ: నెలవారీ అప్‌డేట్లు 30 రోజులు, వెర్షన్ మార్పు 365 రోజుల దాకా వెనక్కి నెట్టవచ్చు. వెర్షన్ మారాక నచ్చకపోతే సాధారణంగా 10 రోజుల్లోపు పాతదానికి తిరిగిపోయే వీలుంది. డిస్కు ఖాళీ చేసే హడావుడిలో విండోస్.ఓల్డ్ ఫోల్డర్ చెరిపేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

సర్వీసెస్‌లోకి వెళ్లి విండోస్ అప్‌డేట్‌ను డిజేబుల్ చేయడం అసెంబ్లింగ్ షాపుల్లో మామూలుగా చేసే వైద్యం. కొన్ని రోజులు పని చేస్తుంది. తర్వాత అప్‌డేట్ మెడిక్ అనే మరో సర్వీసు వచ్చి దాన్ని బాగు చేసిపోతుంది. దాన్నీ చంపే ఉచిత టూల్స్ నెట్‌లో దొరుకుతాయి. అవి తెలియనివాళ్ల చేతికి అడ్మిన్ తాళం ఇవ్వమంటాయి. బ్యాంకు లాగిన్లు, పోర్టల్ పాస్‌వర్డులు ఉండే సిస్టంలో అది దొంగకు భయపడి ఇంటి తలుపే పీకేసినట్టు.

## అప్‌డేటే రాని సిస్టంలు

ఈ గొడవకు అవతలి ఒడ్డు కూడా ఉంది. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, ఇంటెల్ అయితే 2017లో వచ్చిన ఎనిమిదో తరం లేదా తర్వాతి ప్రాసెసర్ కావాలి. నాలుగో తరం ఐ3తో దశాబ్దంగా నడుస్తున్న సిస్టంలు అర్హత లేక అక్కడే ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవారికి 2026 అక్టోబర్ 13 దాకా రక్షణ అప్‌డేట్లు పొడిగించే పథకం ఉంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగులు బ్యాకప్ చేసుకుంటే డబ్బు కట్టనక్కర్లేదు, లేదంటే 30 డాలర్లు. నిన్నటిదాకా అప్‌డేట్ వద్దని విసుక్కున్నవాళ్లే ఇప్పుడు అది కావాలని వెతుక్కుంటున్నారు.

డీటీపీ సెంటర్లది ఇంకో లోకం. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు ఇప్పటికీ పేజీలు కూర్చే పాత ప్రోగ్రాం పేజ్‌మేకర్‌లో కూర్చేవాళ్లున్నారు. దాని ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దానికి తోడు ఇప్పుడు అంతటా చెల్లే యూనికోడ్ పద్ధతికి చెందని పాత తెలుగు ఫాంట్లు, వాటి కీబోర్డు ప్రోగ్రాం. ఒక వెర్షన్ మార్పుతో ఈ మూడింటి పొత్తు చెడిపోతే, ముహూర్తాల సీజన్లో షాపు మూసుకోవాల్సిందే. అందుకే అలాంటి సిస్టంను నెట్‌కు కలపకుండా పాత విండోస్‌తోనే ఉంచుతారు. ఆ నిర్ణయంలో తప్పు లేదు. పక్కనే నెట్ ఉన్న ఇంకో సిస్టం పెట్టి, వాట్సాప్‌లో వచ్చే మ్యాటరు, ఫొటోలు అందులో దించుకుంటారు.

రెంటి మధ్యా రోజుకు ఇరవైసార్లు తిరిగేది పెన్‌డ్రైవ్. కన్‌ఫికర్ పాకిన దారుల్లో అదీ ఒకటి. కాబట్టి పాత సిస్టంలో పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే తెరుచుకునే ఆటోప్లే ఆఫ్ చేసి ఉండాలి. గిరాకీ తెచ్చే పెన్‌డ్రైవ్‌ను మొదట అప్‌డేట్లు అందుతున్న సిస్టంలోనే పెట్టి స్కాన్ చేయాలి. అక్కడినుంచి షాపు సొంత పెన్‌డ్రైవ్‌లోకి కావలసిన ఫైలు ఒక్కటే కాపీ చేసుకుని, దాన్నే పాతదానికి పట్టుకెళ్లాలి.